కళ్ళు తిరగని కొండదారి

సైట్‌లో ఆమెను అందరూ ఆకాశమ్మ అనేవాళ్ళు. పొద్దున్నే నిచ్చెనెక్కి టవర్ క్రేన్ కేబిన్‌లో కూర్చుందంటే మళ్ళీ భోజనాల వేళకే నేల మీద కనపడేది. అందుకే ఆ పేరు. ఇనుప ఊచల కట్ట పై అంతస్తుకు చేరాలన్నా, అంత ఎత్తు నుంచి కాంక్రీటు బకెట్ ఒక్క చుక్క ఒలకకుండా దిగాలన్నా ఆకాశమ్మ చెయ్యి పడాల్సిందే. ఆమె దింపిన బరువు నేలను తాకినప్పుడు చప్పుడు వినపడదని కింద పనివాళ్ళు చెప్పుకునేవాళ్ళు.

అటువంటి మనిషికి ఒక మిట్టమధ్యాహ్నం కేబిన్‌లో ఉండగా ఉన్నట్టుండి లోకం తిరిగిపోయింది. ఎదురుగా ఉన్న భవనం పక్కకి జారడం మొదలుపెట్టింది. జారిజారి మళ్ళీ మొదటి చోటికే వచ్చి మళ్ళీ జారింది. కొక్కేనికి నిండు బకెట్ వేలాడుతోంది. ఆమె మీటల మీద నుంచి చేతులు తీసేసింది. క్రేన్ ఎక్కడిదక్కడ ఆగింది. కళ్ళు గట్టిగా మూసుకుని వాకీటాకీలో, "కింద ఒక్క పురుగు కూడా ఉండకూడదు. అందర్నీ తప్పించండి," అంది. ఆ తిరుగుడు కాస్త తగ్గేదాకా అలాగే కూర్చుని, కింది నుంచి సిగ్నల్ ఇచ్చే మనిషి గొంతే ఆధారంగా అంగుళం అంగుళంగా బకెట్‌ను దింపింది. ఆ తర్వాత మాత్రం తను దిగలేకపోయింది. ఇద్దరు మనుషులు పైకెక్కి, నడుముకి పట్టీలు బిగించి, తాళ్ళతో ఆమెను కిందికి దించారు. ఇన్నేళ్ళూ బరువులు దింపిన తనను ఒక బరువులాగా దింపడం ఆకాశమ్మకు జబ్బు కన్నా ఎక్కువ బాధ కలిగించింది.

లోపలి చెవిలో నరం వాచిందని డాక్టరమ్మ చెప్పింది. మందులు ఇచ్చింది, వ్యాయామాలు నేర్పింది. బొటనవేలు కళ్ళ ముందు నిలబెట్టి, చూపు దాని మీదే ఉంచి తల అటూ ఇటూ ఆడించాలి. వసారాలో మడమకి వేలు తగిలేలా ఒక్క గీత మీద నడవాలి. ఆకాశమ్మ ఒక్క పూట కూడా మానలేదు. కోడలు గోడ వైపు తిరిగి అదేపనిగా తల అడ్డంగా ఊపుతుంటే అత్తగారు కుర్చీలోంచి చూసి, "ఎవరేం అడిగారని అన్నిసార్లు కాదంటున్నావే తల్లీ?" అనేది. నవ్వు ఆపుకుంటే తల ఊపడం తప్పేది, తల ఊపితే నవ్వు ఆగేది కాదు.

నెలలు గడిచాక తిరుగుడు పూర్తిగా పోయింది. ఇక చివరి పరీక్ష మిగిలింది. అందులో డాక్టరమ్మ సరేనని సంతకం పెడితే మళ్ళీ క్రేన్ ఎక్కవచ్చు. అప్పటిదాకా ఆమెను సామాన్ల గోదాము గేటు దగ్గర కూర్చోబెట్టారు. వచ్చేపోయే లారీలకు చీటీలు ఇవ్వడమే పని. తలెత్తి చూస్తే తన క్రేన్‌ను మరొకతను తిప్పుతూ ఉండేవాడు. మంచివాడే, పని తెలిసినవాడే. అయినా అతను బరువు దింపిన ప్రతిసారీ ఆకాశమ్మ కుడి చెయ్యి తెలియకుండానే ఒళ్ళో మెల్లగా కదిలేది.

పరీక్ష ఇక వారంలోకి వచ్చిందనగా ఆడపడుచు దిగింది. ఇంట్లో ఆమెను అందరూ చిట్టి అంటారు. చిన్నప్పుడు పెట్టుకున్న పేరు. ఇప్పుడు మనిషి వదిన కన్నా జానెడు పొడుగు. దూరాన వేరే ఊళ్ళో కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించే పని చేస్తుంది. బస్సు దిగి ఇంట్లోకి వస్తూనే చేతిలో బట్టల సంచీ కన్నా ముందు ఒక పెద్ద అట్టపెట్టెను సోఫా మీద పదిలంగా పెట్టింది.

"ఏంటే అది? పిల్లనెత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చావు," అంది తల్లి.

"కంప్యూటరమ్మా. మన పాతదే. బాగు చేయించా. వదినా, ఇందులో ఏముందో చెప్పు చూద్దాం."

ఆకాశమ్మకు చెప్పక్కర్లేకపోయింది. కొత్త కోడలిగా ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజుల్లో ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడిపోయేది. అప్పుడు బడికి వెళ్ళే ఈ పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. లారీ ఆట. సరుకు నింపుకుని కొండదారిలో మలుపులు తిరుగుతూ, వంతెనలు దాటుతూ, అవతల ఉన్న రేవుకి చేర్చాలి. స్టీరింగ్ వదినది, బ్రేకూ గేర్లూ ఆడపడుచువి. ఒకే కీబోర్డు మీద నాలుగు చేతులు. లోయలో పడిన లారీలకు లెక్కే లేదు. పడ్డ ప్రతిసారీ ఇద్దరూ ఒకరి మీద ఒకరు నెపం వేసుకుని పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ ఇల్లు ఆకాశమ్మకు తన ఇల్లయింది ఆ ఆట ముందే.

"ఈసారి చిన్న తెర కాదు వదినా. హాల్లో టీవీకే తగిలిస్తా. అద్దంలోంచి కొండ చూస్తున్నట్టు ఉంటుంది, చూసుకో," అంది చిట్టి.

ఆ సాయంత్రమే తగిలించింది. పెద్ద టీవీ కదా, బొమ్మ కళకళలాడాలని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఉన్నవన్నీ పై మెట్టుకి ఎక్కించింది. ఇద్దరూ నేల మీద తెరకి దగ్గరగా చేరి కూర్చున్నారు. లారీ కదిలింది. చెట్ల ఆకులు మెరిశాయి, రోడ్డు పక్క నీటిలో మబ్బులు కనపడ్డాయి. "అబ్బ!" అన్నారు ఇద్దరూ.

మొదటి మలుపు దగ్గర బొమ్మ ఒక్క క్షణం ఆగి, తర్వాత ఒక్కసారిగా ముందుకు దూకింది. రెండో మలుపులో కొండ మొత్తం మసకబారి పక్కకి సాగింది. ఆకాశమ్మకు కడుపులో ఏదో కదిలింది. నుదుటి మీద చల్లటి చెమట పట్టింది. మూడో మలుపుకి నేల ఒకవైపు వాలినట్టయింది. అదే తిరుగుడు! కేబిన్‌లో వచ్చిందే!

"పొయ్యి మీద పాలున్నాయి," అని లేచి, గోడ పట్టుకుని వంటింటి సింకు దాకా వెళ్ళింది. కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున వాంతి చేసుకుంది. పొయ్యి మీద పాలూ లేవు, ఏమీ లేవు. నెలల తరబడి గోడకి తల ఊపిందంతా బూడిదలో పోసిన పన్నీరయిందనుకుంది. జబ్బు పోలేదు. ఎక్కడో నక్కి కూర్చుని, సరిగ్గా పరీక్ష ముందు మళ్ళీ మొహం చూపించింది.

మర్నాడు పొద్దున చిట్టి స్నానానికి వెళ్ళినప్పుడు ఒంటరిగా ఒకసారి ఆడి చూసింది. ఏమో, నిన్న నీరసం వల్ల అయిందేమో! కాని రెండు మలుపులు తిరిగేసరికి మళ్ళీ అదే చెమట, అదే వికారం. టీవీ ఆపేసి వంటింట్లోకి పరుగెత్తింది. ఈసారి అత్తగారి కంట పడింది.

అత్తగారు కోడలి మొహం చూసింది, సింకు చూసింది, మళ్ళీ మొహం చూసింది. "అమ్మాయ్, ఏదైనా విశేషమా? ఈ వయసులోనా?" అంది గొంతు తగ్గించి.

"అత్తయ్యా! అదేం లేదు. అజీర్తి, అంతే."

"ఉంటే మాత్రం తప్పేముందిలే," అంటూ ఆవిడ వెళ్ళిపోయింది గాని, ఆ పూటంతా కోడలి చేతిలోంచి నీళ్ళ బిందె లాక్కుంటూనే ఉంది.

గేటు దగ్గర చీటీలు ఇస్తూ ఆకాశమ్మ తనలో తను మథనపడింది. ఎవరికీ చెప్పకపోతే? డాక్టరమ్మ చేసే పరీక్షలో టీవీ ఉండదు, లారీ ఉండదు. మామూలుగా నడిచేటప్పుడు తనకేమీ కావడం లేదు. పెదవి కదపకుండా కూర్చుంటే సంతకం పడిపోతుంది. ఆ ఆలోచన వచ్చాక తలెత్తి క్రేన్ వైపు చూసింది. కొక్కేనికి ఊచల కట్ట వేలాడుతోంది. దాని నీడ కింద పనివాళ్ళు టోపీలు సర్దుకుంటూ అటూ ఇటూ నడుస్తున్నారు. ఎవరూ తలెత్తి చూడడం లేదు. పైనున్న మనిషి మీద నమ్మకంతోనే కదా అలా నడుస్తున్నారు. చెప్పెయ్యాలి. క్రేన్ పోతే పోనీ.

ఇంటికి రాగానే చిట్టిని వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"చిట్టీ, నాతో ఆ ఆట ఇంక ఆడొద్దమ్మా. నాకు మళ్ళీ తిరుగుడు మొదలైంది. నిన్న సాయంత్రం వచ్చింది. ఇవాళ పొద్దున మళ్ళీ వచ్చింది. డాక్టరమ్మకి చెప్పేస్తాను. ఇంక నేను పైకి ఎక్కడం కుదరదు."

చిట్టి మెల్లగా అడిగింది. "ఆట ఆడేటప్పుడేనా? విడిగా రాలేదా?"

"విడిగా రాలేదు."

"కడుపులో తిప్పి, నుదుటికి చెమట పట్టి, తెర వైపు చూడబుద్ధి కాకుండా?"

"అంతే. అచ్చం అంతే. నీకెలా తెలుసు?"

"ఎలా తెలుస్తుందేంటి వదినా! నాకూ అలాగే ఉందిగా నిన్నటి నుంచి! బస్సు బడలిక అనుకున్నా. నువ్వు పాల కోసం లేచావా, హమ్మయ్య అని నేను సోఫాలో వాలిపోయా. నువ్వు ఉత్సాహంగా ఆడుతున్నావు కదా, పాడుచెయ్యడం ఎందుకని నోరు మూసుకున్నా."

ఆకాశమ్మ పొయ్యి అరుగు పట్టుకుని నిలబడింది. "నీ చెవులకేం జబ్బు లేదుగా?" అంది.

"నా చెవులు రాళ్ళు! జబ్బు మనకి కాదు వదినా, ఆ ఆటకి. రా, దాని సంగతి చూద్దాం."

"మరి చిన్న తెర మీద ఎప్పుడూ ఇలా కాలేదే?"

"అప్పట్లో మన డబ్బా ఈ హంగులేవీ మోయలేక దానంతట అదే ఆపేసుకునేది. ఇప్పుడు నేను పెద్ద టీవీ అని సంబరపడి అన్నీ దాని నెత్తిన పెట్టాను."

ఇద్దరూ మళ్ళీ హాల్లోకి వచ్చారు. ఈసారి తెరకి ఎదురుగా కాస్త దూరంలో సోఫా మీద కూర్చున్నారు. చిట్టి తెర మూలన ఒక అంకె కనపడేలా పెట్టింది. సినిమా రీలులాగా ఆట కూడా బొమ్మ తర్వాత బొమ్మ చూపిస్తుందనీ, సెకనుకి ఎన్ని బొమ్మలు వస్తున్నాయో ఆ అంకె చెబుతుందనీ, అది తక్కువైనా, ఎగుడుదిగుడుగా ఉన్నా కళ్ళకు ఇబ్బందనీ చెప్పింది. లారీ నిలబడి ఉంటే ముప్ఫై. కదిలితే ఇరవై. మలుపు తిరిగితే పన్నెండు.

"ఇదిగో, ఇక్కడే ప్రాణం పోతోంది," అంది చిట్టి.

ముందు రిజల్యూషన్ ఒక మెట్టు తగ్గించింది. టీవీ పెద్దదే గాని, దాని చుక్కలన్నీ నింపే సత్తువ ఆ కంప్యూటర్‌కు లేదు. అంకె కాస్త పైకి లేచింది. తర్వాత నీడల వంతు వచ్చింది. ప్రతి ఆకుకీ నీడ గీసి గీసి యంత్రం ఆయాసపడుతోంది. పై మెట్టు నుంచి మధ్య మెట్టుకి దించింది. నీటిలో మబ్బుల ప్రతిబింబం తీసేస్తుంటే ఆకాశమ్మకు మనసొప్పలేదు.

"అది బాగుందే!"

"మబ్బులు కావాలా, మలుపు కావాలా?"

"మలుపే కావాలి. తీసెయ్."

దూరపు గడ్డి పోయింది. ఎక్కడో కొండ చివర ఉన్న గడ్డిపోచను ఎవరు చూడొచ్చారు! అంకె యాభై దాటింది. ఖాళీ రోడ్డు మీద డెబ్బై, ఎనభై కూడా కనపడింది. చిట్టి చప్పట్లు కొట్టబోయింది. ఆకాశమ్మ మాత్రం కనుబొమలు ముడిచింది.

"వేగం వచ్చింది గాని నిలకడ రాలేదే. ఊగే బరువుని తొందరగా దింపితే ఏం లాభం? ముందు ఊగడం ఆగాలి. చూడు, బొమ్మ మధ్యలో అడ్డంగా చిరిగినట్టు అవుతోంది."

"నిజమే. ఆగు." చిట్టి వెతికి ఇంకో మీట నొక్కింది. టీవీ ఎంత వేగంతో బొమ్మ మారుస్తుందో ఆట కూడా అంతే వేగంతో పంపేలా కట్టడి చేసింది. అంకె అరవై దగ్గర ఆగింది. మలుపులో ఒకటి రెండు తగ్గినా వెంటనే తన చోటికి వచ్చేసింది. చిరగడం పోయింది.

అయినా లారీ మలుపు తిరిగినప్పుడు కొండ మసకబారి సాగడం పోలేదు. గోతిలో చక్రం పడితే తెర మొత్తం గజగజ ఊగుతోంది. ఆకాశమ్మ మళ్ళీ కళ్ళు పక్కకి తిప్పుకుంది.

"నిజం లారీలో గొయ్యి తగిలితే నా ఒళ్ళు కూడా ఎగురుతుంది. ఇక్కడ ఒళ్ళు సోఫాలో హాయిగా ఉంది, కళ్ళే ఎగురుతున్నాయి. కుదిపేది ఏదో ఉంటుంది, చూడవే," అంది.

ఉంది. చిట్టి వెతగ్గా వెతగ్గా ఒక మూల దొరికింది. కుదుపు తీసేసింది. వేగానికి బొమ్మను మసకబార్చే మోషన్ బ్లర్ తీసేసింది. డ్రైవర్ చూపు మరీ గొట్టంలోంచి చూసినట్టు ఇరుకుగా ఉందని దాన్ని వెడల్పు చేసింది. లారీ అద్దానికి రెండు పక్కలా కిటికీల అంచులు కనపడ్డాయి. ఎదురుగా కదలని చట్రం ఒకటి ఉండేసరికి కన్ను దాన్ని పట్టుకుని కుదురుకుంది.

వెనక కుర్చీలోంచి అత్తగారు, "మీరిద్దరూ ఎందుకింత హడావుడి పడుతున్నారో గాని, నాకు నిన్న కూడా ఏమీ తిరగలేదు. నేను చూస్తూనే ఉన్నాగా," అంది.

"మలుపులు కూడా చూశావా అమ్మా?"

"మలుపు వచ్చినప్పుడు కళ్ళు మూసుకున్నాననుకో. లోయ అంటే నాకు భయం."

ఆకాశమ్మ కీబోర్డు ఒళ్ళోకి తీసుకుంది. ఇద్దరి చేతులూ వాటి వాటి చోట్లకు చేరాయి. లారీ బయల్దేరింది. మొదటి మలుపు తిరిగింది. ఆమె తన కడుపు ఏమంటుందోనని ఎదురుచూసింది. ఏమీ అనలేదు. రెండోది. మూడోది. వంతెన మీద చెక్కలు టకటకలాడాయి. నేల వాలలేదు, చెమట పట్టలేదు. కొండ కొండలాగే ఉంది, రోడ్డు రోడ్డులాగే వచ్చి చక్రాల కిందికి జారిపోతోంది. కనుమ దాటి, దిగువన రేవు దీపాలు కనపడగానే ఆమె గుండెల మీద నుంచి పెద్ద బండ దింపినట్టయింది. ఒక్కసారిగా ఊపిరి వదిలి, ఆ ఊపిరితోనే నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ స్టీరింగ్ మరిచిపోయింది. లారీ రేవు గోడ ఎక్కి సరుకుతో సహా సముద్రంలో పడింది.

"వదినా!"

"బ్రేకు ఎవరిదే? నీది కాదూ?"

"స్టీరింగ్ ఎవరిది?"

అప్పుడే బడి బస్సు డిపోలో పెట్టి ఇంటికొచ్చిన భర్తకు గుమ్మంలోనే ఈ గోల వినపడింది. ఆయనకు సంగతంతా ముందు తల్లి చెప్పింది, విశేషమేమీ లేదని నిట్టూరుస్తూ. తర్వాత చెల్లెలు చెప్పింది. ఆయన భార్య పక్కన కూర్చున్నాడు.

"నిన్నటి నుంచి మోస్తున్నావా ఇదంతా? నాకొక మాట చెప్పొచ్చుగా?"

"చెబితే పొద్దున్నే మీరు ఆ పిల్లలందర్నీ బస్సులో ఎక్కించుకుని ఏ ధ్యాసలో నడుపుతారో అని."

ఆయన తల ఊపాడు. "ఈసారి చెప్పు. బస్సు జాగ్రత్తగానే నడుపుతా," అని కీబోర్డు తీసుకుని ఆడి, "ఛీ, ఈ లారీకి హారన్ ఏంటి ఇలా ఏడుస్తోంది!" అని తేల్చేశాడు.

ఆట కుదిరింది గాని, ఆకాశమ్మ అక్కడితో ఊరుకోలేదు. పరీక్ష రోజున డాక్టరమ్మ ఎదుట కూర్చోగానే లారీ సంగతి, వాంతుల సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పేసింది. డాక్టరమ్మ ఒక్క ముక్క వదలకుండా విని, చిట్టికి కూడా అయిందా అని రెండుసార్లు అడిగింది. తర్వాత తిరుగుడు కుర్చీలో కూర్చోబెట్టి తిప్పింది. చెవిలో చల్లటి నీళ్ళు పోసి కనుపాపలు ఎలా కదులుతున్నాయో చూసింది. కళ్ళు మూయించి మెత్తటి దిండు మీద నిలబెట్టింది. ఆకాశమ్మ నిలబడింది.

"కళ్ళేమో కదులుతున్నామంటాయి, చెవులేమో కూర్చునే ఉన్నామంటాయి. ఆ రెండింటికీ పడకపోతే కడుపు తిప్పుతుంది," అంది డాక్టరమ్మ కాగితాలు దగ్గరికి లాక్కుంటూ. "లోపలి చెవి పూర్తిగా పాడైపోయినవాళ్ళకి అసలు ఆ వికారమే రాదు తెలుసా? మీ చెవి పని చేస్తోంది కనకే దెబ్బలాడింది. అయినా దాచకుండా చెప్పారు చూడండి, అది నాకు నచ్చింది. మళ్ళీ ఎప్పుడైనా విడిగా, ఊరికే కూర్చున్నప్పుడు వస్తే మాత్రం ఆ నిమిషమే దిగి నా దగ్గరికి రావాలి."

"వస్తానండి."

సంతకం పడింది. ఆ కాగితాన్ని ఆకాశమ్మ ఆసుపత్రి మెట్ల మీద ఒకసారి, బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒకసారి తీసి చూసుకుంది.

మళ్ళీ క్రేన్ ఎక్కిన పొద్దున గాలి లేదు. కింద మేస్త్రీ, "మెల్లగా అక్కా, తొందరేం లేదు," అంటూ ఆమె చాలా ఎత్తు ఎక్కేదాకా చూస్తూ నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ క్రేన్ నడిపిన మనిషి కేబిన్ తుడిచి, అద్దాలు మెరిసేలా చేసి, సీటు ఆమె ఎత్తుకు సరిపోయేలా మళ్ళీ ముందుకు జరిపి ఉంచాడు. ఆకాశమ్మ కూర్చుని పట్టీ బిగించుకుంది. నాలుగు వైపులా చూసింది. ఇళ్ళ కప్పులు, ఆరేసిన బట్టలు, దూరాన రైలుకట్ట. ఏవీ జరగలేదు.

వాకీటాకీ గరగరలాడింది. "ఆకాశమ్మా, ఇటుకలు పేర్చిన పలక సిద్ధం. లేపుదామా?"

"లేపుదాం. కింద మనుషుల్ని తప్పించు."

బరువు లేచింది. తాడు బిగుసుకున్నప్పుడు వచ్చే ఆ చిన్న కుదుపు సీటులోంచి వెన్నులోకి పాకింది. ఆమె దాన్ని గుర్తుపట్టింది. క్రేన్ చెయ్యి మెల్లగా తిరిగింది, ఇటుకలు భవనం అంచు దాటాయి, కిందికి దిగాయి. ఆమె వాకీటాకీ అందుకుంది.

"దిగిందా?" అంది ఆమె ఆత్రంగా.

"ఎప్పుడో దిగింది. కొక్కెం కూడా విప్పేశాం," అన్నాడు అవతలి మనిషి నవ్వుతూ. "రెండోది కట్టమంటావా?"

ఆకాశమ్మ రెండు అరచేతులతో మొహం తుడుచుకుంది. తడిగా ఉన్నాయి. చెమట కాదు.

"కట్టు," అంది.